చేతిలో గేమింగ్ పీసీ: ఎండాకాలం, వాట్ల లెక్క

ప్రశ్న: విండోస్‌తో నడిచే హ్యాండ్‌హెల్డ్ గేమింగ్ పీసీ కొన్నాను. బ్యాటరీ 40 వాట్-అవర్లు. పెద్ద గేమ్ పెడితే గంటకే ఛార్జింగ్ అయిపోతోంది. మధ్యాహ్నం అయితే కాసేపటికే గేమ్ నత్తనడక నడుస్తోంది. మెషిన్‌లో ఏమైనా లోపమా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: లోపం ఉండకపోవచ్చు. టర్బో మోడ్‌లో ప్రాసెసర్ ఒక్కటే 25 వాట్లు లాగుతుంది. స్క్రీన్, ఫ్యాన్, వైఫై కలిపితే 33 దాకా పోతుంది. అంటే 40 వాట్-అవర్లు గంటా పావు కూడా రావు. 15 వాట్లకు దించితే గంటా నలభై నిమిషాలు, 10కి దించితే రెండు గంటల పైన ఆడుకోవచ్చు. గేమ్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. వాట్లు పెంచినంతగా ఫ్రేములు (సెకనుకు తెర మీద వచ్చే బొమ్మలు) పెరగవు కాబట్టి ఏడు అంగుళాల తెరకు 15 చాలు.

కంపెనీ యాప్‌లో ముందు ఆ 15 వాట్ల మోడ్ పెట్టండి. రిజల్యూషన్ 1080 నుంచి 720కి తగ్గించండి. తెర 120 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 120 సార్లు రిఫ్రెష్ అయ్యేది అయితే ఫ్రేమ్ లిమిట్ 40 పెట్టండి. ఒక్కో ఫ్రేము సరిగ్గా మూడు రిఫ్రెష్‌లు నిలబడుతుంది కాబట్టి కుదుపు తెలియదు. 60 హెర్ట్జ్ తెర అయితే 30 పెట్టుకోవాలి.

ఇక నత్తనడక సంగతి. లోపలి ఫ్యాన్ గదిలో ఉన్న గాలితోనే చల్లార్చాలి కదా! ఇలాంటిదే అయిన స్టీమ్ డెక్‌ను 35 డిగ్రీల లోపు వాడమని దాని తయారీదారు వాల్వ్ చెబుతోంది. మేలో మన దగ్గర మధ్యాహ్నం 40 దాటుతుంది. వేడి హద్దు మీరగానే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పరుపు మీద పెట్టి ఆడితే వెనక గాలి పీల్చే కంతలు మూసుకుపోయి ఇంకా త్వరగా వేడెక్కుతుంది. దుమ్ము ఎక్కువున్న ఊరు కాబట్టి అప్పుడప్పుడు స్విచాఫ్ చేసి, ఆ కంతలను మెత్తటి బ్రష్‌తో తుడవండి. బ్లోయర్ మాత్రం వద్దు, ఫ్యాన్ అతివేగంగా తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. చల్లబడాలని ఫ్రిజ్‌లో అసలే పెట్టకండి, లోపల నీరు పడుతుంది.

ఎప్పుడూ ప్లగ్ పెట్టే ఆడేవారు ఛార్జింగ్ లిమిట్ 80 శాతానికి పెట్టుకోవాలి. నిండా ఛార్జై వేడిలో ఉండటమే బ్యాటరీని త్వరగా అరగదీస్తుంది. వెనక మూత పైకి లేచినట్టు కనిపిస్తే బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఛార్జింగ్ పెట్టకుండా సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి.

ప్రశ్న: స్టీమ్ డెక్‌లో వాలరెంట్ ఆడొచ్చా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: దానితో వచ్చే స్టీమ్ ఓఎస్‌లో ఆడలేరు. ఆ గేమ్‌లోని వాన్‌గార్డ్ అనే యాంటీ చీట్‌కు (ఆటలో మోసాలను పట్టే ప్రోగ్రామ్‌కు) విండోస్ కావాలి.

ప్రశ్న: కరెంటు పోయినప్పుడు ఫోన్ పవర్ బ్యాంక్ పెడితే ఛార్జింగ్ పెరగడం లేదు, తగ్గుతోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: ఆడేటప్పుడు మెషిన్ లాగేది 20 వాట్లు దాటుతుంటే, ఫోన్ పవర్ బ్యాంక్ ఇచ్చేది అంతకన్నా తక్కువ. పవర్ బ్యాంక్ మీద 'పీడీ' (పవర్ డెలివరీ, ఎక్కువ వాట్లు ఇచ్చే ఛార్జింగ్ పద్ధతి) అని, అవుట్‌పుట్‌లో 15 వోల్టులు 3 ఆంపియర్లు, అంటే 45 వాట్లు, అని ఉందో లేదో చూడండి. 65 వాట్లది అయితే 5 ఆంపియర్ల టైప్ సి కేబుల్ కావాలి, 3 ఆంపియర్లది 60 వాట్లకు మించి ఇవ్వదు. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్-అవర్లు. నష్టాలు పోగా చేతికొచ్చేది 60 దాకా, 40 వాట్-అవర్ల బ్యాటరీని ఒకటిన్నర సార్లు నింపుతుంది.