పాత కంప్యూటర్, కొత్త తెర: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒక్క విషయం చుట్టూనే తిరిగాయి. 1980లలో ఇళ్లలో, బడుల్లో వాడిన కంప్యూటర్లు ఇప్పటికీ పనిచేస్తున్నాయి కానీ, వాటి బొమ్మను చూపించే తెర మాత్రం దొరకడం లేదు. ఒకే రకం ప్రశ్నలను కలిపి కింద జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా నాన్నగారు 1988లో కొన్న డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ అటక మీద దొరికింది. కొత్త టీవీకి పెడితే ఏ ఛానెల్లోనూ బొమ్మ రాలేదు. ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న పెట్టె కొని, కంప్యూటర్ తీగను దాని పసుపు రంగు రంధ్రంలో పెట్టాను. నీలం తెర తప్ప ఏమీ లేదు. కంప్యూటర్ పాడైపోయిందా?
- హనుమకొండ పాఠకుడు

జవాబు: పాడైందని అప్పుడే అనుకోకండి. మీరు చెప్పిన లక్షణాలన్నీ బాగా ఉన్న యంత్రానికీ సరిపోతాయి. డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ సంస్థ లైసెన్సు తీసుకుని 1986 నుంచి మన దేశంలో అమ్మిన యంత్రం అది. బ్రిటన్‌లో సింక్లెయిర్ కంపెనీ 1982లో తెచ్చిన స్పెక్ట్రమ్‌కు అది తోబుట్టువు. ఆ రోజుల్లో ఇంట్లో ఉన్న టీవీయే కంప్యూటర్‌కు తెర కాబట్టి, యంత్రం లోపల మాడ్యులేటర్ అనే చిన్న రేకు డబ్బా పెట్టి, బొమ్మను టీవీ స్టేషన్ ప్రసారంలాగా మార్చి యాంటెన్నా రంధ్రంలోకి పంపేవారు. సింక్లెయిర్ యంత్రాల్లో అది యూహెచ్‌ఎఫ్ 36వ ఛానెల్. ఇప్పటి టీవీల్లో కొన్నిటికి అలాంటి అనలాగ్ ప్రసారాన్ని పట్టే ట్యూనరే ఉండదు. ఇక మీరు కొన్న పెట్టెకు కావలసింది మాడ్యులేటర్‌లోకి వెళ్లక ముందున్న బొమ్మ, అంటే కాంపోజిట్ వీడియో. ప్రసారాన్ని విప్పి చూడటం దానికి చేతకాదు. పసుపు రంధ్రంలో తీగ అమరినంత మాత్రాన రెండూ ఒకే భాష మాట్లాడతాయని కాదు.

అన్నిటికన్నా ముందు ఎడాప్టర్‌ను మల్టీమీటర్‌తో చూడండి. స్పెక్ట్రమ్‌కు 9 వోల్టుల డీసీ కావాలి, పిన్ను మధ్యభాగం నెగెటివ్, బయటి భాగం పాజిటివ్. బజారులో దొరికే ఎడాప్టర్లు ఎక్కువగా దీనికి సరిగ్గా తిరగబడి ఉంటాయి. పాత ఎడాప్టర్ ఒంటరిగా ఉన్నప్పుడు 9 కన్నా కొంత ఎక్కువ చూపితే కంగారు పడనక్కర్లేదు, అది నియంత్రణ లేని రకం.

ఆ తర్వాత మీ ముందు రెండు దారులున్నాయి. మొదటిది, నాకు ఎక్కువ ఇష్టమైనది, యంత్రాన్ని విప్పకుండా చేసేది. బంధువుల ఇంట్లో పాత వీసీఆర్ ఉందేమో అడగండి. వీసీఆర్‌లో అనలాగ్ ట్యూనర్ ఉంటుంది. కంప్యూటర్ తీగను దాని యాంటెన్నా రంధ్రంలో పెట్టి, ఛానెల్ వెతికి, వెనక ఉన్న వీడియో అవుట్ నుంచి తీసుకుంటే అదే కాంపోజిట్ వీడియో. ముందు నల్లటి తెర, తర్వాత బూడిద రంగు, ఆపైన తెర అడుగున 1982 సింక్లెయిర్ రీసెర్చ్ అన్న ఒక్క వరుస కనిపిస్తే, మీ కంప్యూటర్ బతికే ఉంది.

రెండో దారికి సోల్డరింగ్ ఐరన్ పట్టడం వచ్చి ఉండాలి. రేకు డబ్బాలోకి బోర్డు నుంచి రెండు తీగలు వెళతాయి. ఒకటి 5 వోల్టుల కరెంటు, రెండోది బొమ్మ. రెండింటినీ డబ్బా బయట విడదీసి, డబ్బా లోపల టీవీ రంధ్రానికి అతికి ఉన్న రెసిస్టర్ కాలును కూడా విడదీసి, బొమ్మ తీగను నేరుగా ఆ రంధ్రం మధ్య పిన్నుకు అతికిస్తే సరిపోతుంది. రెసిస్టర్ కాలును కత్తిరించకండి, సీసం కరిగించి పైకి లేపి ఉంచండి. రేపు ఎవరైనా దీన్ని మళ్లీ యథాతథంగా చేయాలనుకుంటే ఆ వీలు ఉండాలి. కొత్త రంధ్రాల కోసం కంప్యూటర్ పెట్టెకు బెజ్జాలు పెట్టమని సలహా ఇచ్చేవాళ్ల మాట దయచేసి వినకండి. ఇలాంటి యంత్రాలు కొత్తగా తయారు కావు.

ప్రశ్న: నా స్పెక్ట్రమ్‌కు కాంపోజిట్ మార్పు చేయించాను, బొమ్మ వస్తోంది. కానీ చవక పెట్టెలో ఆటలు కుదుపుగా కదులుతున్నాయి, కదిలే బొమ్మల అంచులు దువ్వెన పళ్లలా చీలిపోతున్నాయి. పెట్టె మీద 1080 అని ఉంది కదా, ఇంకా ఎందుకిలా?
- రాజమహేంద్రవరం పాఠకుడు

జవాబు: పెట్టె మీద రాసిన 1080 బయటికి పంపే గీతల సంఖ్య మాత్రమే. లోపలికి వచ్చినదాన్ని అది ఎలా అర్థం చేసుకుంటోంది అన్నదే అసలు ప్రశ్న.

దూరదర్శన్ వాడిన పాల్ పద్ధతిలో ఒక బొమ్మకు 625 గీతలు. వాటిని బేసి గీతలు, సరి గీతలు అని రెండు సగాలు చేసి, సెకనుకు 50 సగాలు పంపుతారు. దీన్నే ఇంటర్‌లేస్ అంటారు. స్పెక్ట్రమ్ అలా చేయదు. అది ప్రతిసారీ 312 గీతలు, ప్రతిసారీ అవే చోట్ల గీస్తుంది. అందులో అసలు బొమ్మ 192 గీతలే, మిగిలినది అంచు, గీతలు గీసే కిరణం మళ్లీ పైకి వెళ్లే విరామం. పాత పిక్చర్ ట్యూబు ఈ తేడాను పట్టించుకోదు, పంపినట్టే గీస్తుంది. చవక పెట్టె మాత్రం వచ్చినదంతా టీవీ కార్యక్రమమే అనుకుని, వరసగా వచ్చిన రెండు పూర్తి బొమ్మలను రెండు సగాలుగా పొరబడి ఒకదానిలో ఒకటి అల్లేస్తుంది. ఆ రెండింటి మధ్య బొమ్మ కదిలితే మీరు చూసిన దువ్వెన పళ్లు వస్తాయి. టేపు నుంచి ఆట ఎక్కేటప్పుడు అంచులో ముందు ఎరుపు, లేత నీలం చారలు, తర్వాత నీలం, పసుపు చారలు పరుగెత్తుతాయి కదా, మంచి కన్వర్టర్‌లో అవి కత్తితో కోసినట్టు ఉంటాయి, చెడ్డ దానిలో పొగలా అలుక్కుపోతాయి. కొనే ముందు పరీక్షించే అవకాశం ఉంటే అదే పరీక్ష పెట్టండి.

కుదుపుకు కారణం వేరు. కంప్యూటర్ సెకనుకు 50 బొమ్మలు ఇస్తుంటే పెట్టె 60 పంపుతోంది. ప్రతి 5 బొమ్మలకు 6 కావాలి కాబట్టి ఒకటి రెండుసార్లు కనిపిస్తుంది. మెల్లగా, ఒకే వేగంతో జరగాల్సిన దృశ్యం సెకనుకు పదిసార్లు తడబడుతుంది. అందువల్ల కన్వర్టర్‌లో మీరు చూడాల్సినవి రెండు: ఇంటర్‌లేస్ లేని బొమ్మను అలాగే గుర్తించి గీతలను రెట్టింపు చేయాలి, 50ని 50గానే పంపాలి. రెట్రోటింక్ 2ఎక్స్ కాంపోజిట్‌ను తీసుకుని ఈ రెండు పనులూ చేస్తుంది. అది ఒక పూర్తి బొమ్మను దాచి పెట్టుకోకుండా గీత గీతకు రెట్టింపు చేస్తుంది కాబట్టి, మీట నొక్కడానికీ బొమ్మ కదలడానికీ మధ్య పెట్టె వైపు నుంచి ఆలస్యం దాదాపు ఉండదు. ధర మీ చవక పెట్టెకు ఎన్నో రెట్లు. అయినా, మూడు చవక పెట్టెలు వరసగా కొని మూడింటినీ పక్కన పడేసినవాడిగా, డబ్బు కూడబెట్టుకుని ఒక్కసారే కొనమని చెబుతాను.

ఒక జాగ్రత్త. కంప్యూటర్ల కోసం అమ్మే మానిటర్లలో చాలావాటికి 50 నచ్చదు, తెర నల్లగానే ఉండిపోతుంది. మన దేశంలో అమ్మే టీవీలు సెట్‌టాప్ బాక్సుల కోసమే 50కి అలవాటు పడి ఉంటాయి. అందుకే ఈ పనికి చిన్న టీవీ దొరికితే అదే మేలు. కొనే ముందు వివరణ పుస్తకంలో 576పీ (ఇంటర్‌లేస్ లేని 576 గీతల బొమ్మ), 50 హెర్ట్జ్ (సెకనుకు 50) అన్న మాట ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్న: మా బడి సామాను గదిలో బీబీసీ మైక్రో ఉంది. పిల్లలకు చూపించాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి?
- గుంటూరు నుంచి ఒక ఉపాధ్యాయిని

జవాబు: అమ్మా, మీ ఆలోచన నాకు ఎంతో సంతోషం కలిగించింది. 1984-85లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం కింద ఎంపిక చేసిన పాఠశాలలకు ఇచ్చిన కంప్యూటర్ ఇదే. మీ బడిది కూడా ఆ కోవలోనిదే కావచ్చు.

దయచేసి వెంటనే స్విచ్ వేయకండి. దీని విద్యుత్ సరఫరా భాగంలో కరెంటు తీగల దగ్గర ఉండే పాత కెపాసిటర్లు ఏళ్లు గడిచేకొద్దీ పైపూత పగిలి, స్విచ్ వేసిన కొద్ది నిమిషాలకు దట్టమైన పొగ వదులుతాయి. ముందు వాటిని నమ్మకమైన మెకానిక్ చేత మార్పించండి, ఖర్చు తక్కువే.

బొమ్మ విషయంలో మీరు అదృష్టవంతులు. వెనక మూడు రంధ్రాలు ఉంటాయి: టీవీకి ఒకటి, కాంపోజిట్‌కు ఒకటి, ఆర్‌జీబీకి ఆరు పిన్నుల గుండ్రటిది ఒకటి. కాంపోజిట్ మామూలుగా నలుపు తెలుపులోనే ఇస్తుంది. ఆర్‌జీబీలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా వస్తాయి కాబట్టి అక్షరం అంచు చెదరదు, ఓఎస్‌ఎస్‌సీ అనే కన్వర్టర్‌కు సరిగ్గా అదే కావాలి. అయితే బీబీసీ రంగులను లాజిక్ చిప్పులు వాడే ఎక్కువ వోల్టుల స్థాయిలో పంపుతుంది, కన్వర్టర్ ఆశించేది 0.7 వోల్టులు. అందుకని బీబీసీ కోసమే రెసిస్టర్లు వేసి చేసిన తీగ వాడాలి. ఆ గుండ్రటి రంధ్రంలో ఒక పిన్ను మీద 5 వోల్టుల కరెంటు కూడా ఉంటుంది, సొంతంగా తీగ చేసేవారు దాన్ని దేనికీ తగలనివ్వకూడదు.

బీబీసీలో తెర అమరికలను మోడ్‌లు అంటారు. స్విచ్ వేయగానే కనిపించే మోడ్ 7 ఇంటర్‌లేస్‌తో వస్తుంది కాబట్టి అక్షరాలు కొద్దిగా వణుకుతాయి, అది దోషం కాదు. మిగతా మోడ్‌లకు మాత్రం నక్షత్రం గుర్తు కొట్టి, టీవీ అన్న రెండు ఇంగ్లీషు అక్షరాలు, తర్వాత 0, కామా, 1 కొట్టి, ఆపైన మోడ్ మార్చండి. వణుకు ఆగిపోతుంది.

ప్రశ్న: డల్లాస్‌లో ఉండే మా బావగారు కమోడోర్ 64 కంప్యూటర్‌ను ఎడాప్టర్‌తో సహా తెచ్చారు. ఇక్కడ పెట్టవచ్చా?
- విశాఖపట్నం పాఠకుడు

జవాబు: ఆ ఎడాప్టర్‌ను మన గోడకు పెట్టవద్దు. అది 110 వోల్టులకు చేసినది, మనది 230. ట్రాన్స్‌ఫార్మర్ వేసినా నేను ఒప్పుకోను. కమోడోర్ 64 పాత ఎడాప్టర్లలో 5 వోల్టుల భాగం ముసలిదైపోయి హద్దు దాటడం, ఆ దెబ్బకు మెమరీ చిప్పులు కాలిపోవడం అందరికీ తెలిసిన కథ. 230 వోల్టులకు కొత్తగా తయారుచేసిన ఎడాప్టర్ కొనండి. బొమ్మ విషయం సులువు. అమెరికా యంత్రం కాబట్టి సెకనుకు సుమారు 60 బొమ్మలే ఇస్తుంది, మామూలు మానిటర్ కూడా ఒప్పుకుంటుంది. వెనక ఎనిమిది పిన్నుల రంధ్రం ఉంటే వెలుగు, రంగు వేరువేరుగా వస్తాయి. ఎస్-వీడియో తీగ చేయించి రెట్రోటింక్‌కు కలపండి.

ప్రశ్న: మా దగ్గర అమీగా 500 కంప్యూటర్ ఉంది. ఆర్‌జీబీ నుంచి వీజీఏకు ఉత్త తీగ కలిపితే చాలదా?
- హైదరాబాద్ పాఠకుడు

జవాబు: చాలదు. అమీగా సెకనుకు సుమారు 15,600 గీతలు గీస్తుంది, వీజీఏ మానిటర్ ఆశించేది కనీసం 31,000 పైచిలుకు. తీగ పిన్నుల అమరికను మార్చగలదు, గీతల వేగాన్ని మార్చలేదు. ఖర్చు తగ్గాలంటే గీతల వేగాన్ని మార్చే జీబీఎస్-8200 అనే బోర్డు తీసుకుని, దానికి ఈఎస్‌పీ8266 అనే చిన్న బోర్డును కలిపి, ఆ చిన్న బోర్డులో జీబీఎస్-కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఎక్కించుకోండి. బోర్డుతో వచ్చే అసలు ప్రోగ్రామ్‌తో మాత్రం సరిపెట్టుకోకండి.

ప్రశ్న: కన్వర్టర్ తీసుకున్నాను కాబట్టి పాత పిక్చర్ ట్యూబ్ టీవీని పాత సామాన్లవాడికి ఇచ్చేయవచ్చా?
- కర్నూలు పాఠకురాలు

జవాబు: ఇల్లు ఇరుకు కాకపోతే ఇవ్వకండి. కన్వర్టర్‌లో బొమ్మ తేడాగా వచ్చినప్పుడు తప్పు కంప్యూటర్‌దా పెట్టెదా అని తేల్చేది అదే. ఇవ్వక తప్పదంటే, ఇచ్చే ముందు మీ కంప్యూటర్‌ను ఒకసారి దానికి కలిపి, తెరను ఫోటో తీసి ఉంచుకోండి. రంగులు, వెడల్పు సరిచూసుకోవడానికి పనికొస్తుంది. కొత్త టీవీలో మాత్రం బొమ్మ నిష్పత్తిని 4:3కి మార్చడం మరవకండి, లేకపోతే ప్రతి గుండ్రటి బంతీ కోడిగుడ్డులా కనిపిస్తుంది.