సముద్రం ఒడ్డు ఊళ్లో ఆటల పోటీలు ఎప్పుడు పెట్టాలి, ఏవి పెట్టాలి?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: సోంపేట మండలంలో మీది తీరం ఊరు. ఏటా సంక్రాంతికి టెన్నిస్ బాల్ క్రికెట్ టోర్నీ ఒక్కటే జరుగుతోంది, అదీ పందేలతో, పక్క ఊరి టీముతో గొడవతో ముగుస్తోంది. ఊరంతా, ముఖ్యంగా ఆడపిల్లలు కూడా, ఆడేలా ఏం చేయొచ్చు?

మాది గార మండలం, కళింగపట్నం దగ్గర మత్స్యకారుల ఊరు. ఉద్యోగం విజయనగరంలో, వ్యాయామ ఉపాధ్యాయుడిని. మా ఊరి పోటీలకి చాలా ఏళ్లుగా రిఫరీగా, నిర్వాహకుల్లో ఒకడిగా ఉంటున్నాను. నాకు తెలిసింది చెబుతాను.

అన్నిటికన్నా ముందు తేదీ సంగతి తేల్చుకోండి. సంక్రాంతి వ్యవసాయం ఊళ్లకి సరిగ్గా కుదిరే పండగ. పంట ఇంటికొస్తుంది, మనుషులు ఖాళీగా ఉంటారు, అల్లుళ్లు వస్తారు. మన ఊళ్ల లెక్క వేరు. శ్రీకాకుళం, విజయనగరం తీరాల నుంచి ఎంతమంది గుజరాత్‌లోని వేరావల్‌కి, చెన్నైకి, కేరళకి బోట్ల మీదకి పోతారో మీకు నేను చెప్పక్కర్లేదు. గుజరాత్ వైపు వేట ఆగస్టులో మొదలైతే మే దాకా సాగుతుంది. అంటే జనవరిలో మీ ఊరి బలమైన కుర్రాళ్లలో చాలామంది అరేబియా సముద్రంలో ఉంటారు. 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్లకి చిక్కిన మనవాళ్లు కూడా అలా వేరావల్ నుంచి వేటకి వెళ్లినవాళ్లే. 2020 జనవరిలో గానీ వాళ్లు విడుదల కాలేదు. 2019 సంక్రాంతికి మా వైపు ఎవరికీ ఆటల మీద మనసే లేదు.

అందుకే నేను చెప్పేది, పెద్ద పోటీలు జూన్ మొదటి రెండు వారాల్లో పెట్టుకోండి. కారణం ఇదీ. మన తూర్పు తీరంలో మరబోట్లకి, ఇంజను పడవలకి వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు. రెండు నిషేధాలూ కలిసొచ్చేది జూన్ 1 నుంచి 14 మధ్యే. ఇక్కడి బోటు ఒడ్డున ఉంటుంది, అక్కడి బోటుకి వెళ్లిన మనిషి ఇంటికొచ్చి ఉంటాడు. బడులు కూడా అప్పటికింకా తెరవరు, తెరిచినా ఆ రెండో వారం చివర్లోనే. ఊరు ఊరంతా ఊళ్లో ఉండే రోజులు ఏడాది మొత్తంలో ఇవే. ఎండ మాట నిజమే. అందుకని పొద్దున్న ఆరు నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా ఆడించండి, మధ్యాహ్నం ముట్టుకోకండి. ఇంకోమాట, నిషేధం రోజుల్లో ఎవరి చేతిలోనూ డబ్బుండదు. ఎంట్రీ ఫీజు పెట్టొద్దు.

సంక్రాంతికి పిల్లల పరుగుపందేలు, పెద్దవాళ్ల బరువులెత్తే పోటీలు చాలు.

రెండోది మైదానం. బడి గ్రౌండు లేదని బాధపడేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది, ఎదురుగా అంత ఇసుక పెట్టుకుని. కాకపోతే దానికో వేళ ఉంది. పోటు దిగి పాటు వచ్చినప్పుడు, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు, నీటి అంచున బయటపడే తడి ఇసుక గట్టిగా ఉంటుంది, టెన్నిస్ బాల్ దాని మీద చక్కగా లేస్తుంది. పరుగుపందేలకీ అదే మంచిది. పైన ఉన్న పొడి ఇసుక వాలీబాల్‌కి, కబడ్డీకి. పాటు వేళ రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. కాబట్టి మొదటి రోజు సాయంత్రం ఐదింటికి క్రికెట్ పెట్టుకున్న చోటే నాలుగో రోజు అదే టైముకి పెడితే పిచ్ మీద నీళ్లుంటాయి. తిథిని బట్టి పాటు ఎప్పుడో మీ ఊరి పెద్దలు వేళ్ల మీద లెక్కకట్టి చెప్పేస్తారు. షెడ్యూలు రాసేటప్పుడు ఓ పెద్దాయన్ని పక్కన కూర్చోబెట్టుకోండి. మీ కమిటీలో ఆయన కన్నా అవసరమైన మనిషి లేడు.

పొడి ఇసుక మీద ఆడేముందు దంతెతో ఒకసారి దువ్వించాలి. గాజు పెంకులు, ఆలిచిప్పలు, గేలాలు, తెగిన వల ముక్కలు ఎన్ని వస్తాయో చూస్తే ఆశ్చర్యపోతారు. రాత్రి ఫ్లడ్‌లైట్ల మ్యాచ్‌లు ఒడ్డు మీద వద్దు, ముఖ్యంగా జనవరి నుంచి మే దాకా. తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరానికే వస్తాయి. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుగు ఎటుంటే అటు పోతాయి, సముద్రం అనుకుని ఊరి వైపు పాకుతాయి.

ఇక వాలీబాల్. నన్నడిగితే తీరం ఊరికి ఇదే మొదటి ఆట కావాలి. బీచ్ వాలీబాల్ కోర్టు 16 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. నెట్ ఎత్తు మగవాళ్లకి 2.43 మీటర్లు, ఆడవాళ్లకి 2.24. అసలు నిబంధన ప్రకారం జట్టుకి ఇద్దరే, ఊరి పోటీలకి నలుగురితో ఆడించండి, ఎక్కువమందికి చోటు దొరుకుతుంది. ఒక్క నిబంధన మాత్రం మార్చొద్దు: 21 పాయింట్ల సెట్టులో ప్రతి 7 పాయింట్లకీ జట్లు అటూ ఇటూ మారాలి. మామూలు వాలీబాల్‌లో సెట్టు అయ్యాక మారతారు. ఒడ్డు మీద అలా కుదరదు. జూన్ సాయంత్రం నైరుతి గాలి ఒక పక్కనుంచి కొడుతుంటే ఎదురుగాలికి ఆడే జట్టు సర్వీసులే దాటించలేదు. ఏడేసి పాయింట్లకి మారితే గాలీ ఎండా ఇద్దరికీ సమానమవుతాయి, సగం తగాదాలు పుట్టకుండానే పోతాయి. బంతిలో గాలి కూడా మామూలు వాలీబాల్ కన్నా బాగా తక్కువ ఉండాలి, బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి పోవాలి.

నెట్ కట్టడం దగ్గరే చాలామంది విసిగిపోతారు. ఇసుకలో పాతిన కర్ర పది నిమిషాల్లో వాలిపోతుంది, నెట్ మధ్యలో జారుతుంది. మేం చేసేది చెబుతాను. రెండు సరుగుడు కర్రలు పాతుతాం. ఒక్కో కర్రకి బయటి వైపు రెండడుగులు ఎడంగా నడుంలోతు గొయ్యి తీసి, ఇసుక నింపిన యూరియా గోనెసంచిని అడ్డంగా పడేస్తాం. దాని నడుముకి వల తాడు కట్టి, గొయ్యి పూడ్చి, పైన నీళ్లు పోసి తొక్కుతాం. ఆ తాడు రెండో కొస కర్ర తలకి. ముడి వేసే పని బోటు మీద పనిచేసేవాళ్లకి వదిలేయండి. మూడు రోజులు ఆడినా నెట్ వేలెడు దిగదు. గీతలకి నైలాన్ తాడు వాడితే కాలివేళ్లు కోసుకుపోతాయి, పాత చీర అంచులు చింపి పరిస్తే సరిపోతుంది.

కబడ్డీకి ఇసుక అమ్మలాంటిది, పడినా దెబ్బ తగలదు. మగవాళ్లకి 13 మీటర్ల పొడవు 10 మీటర్ల వెడల్పు, ఆడవాళ్లకి 12, 8. ఇసుకలో కూత పెట్టి పరిగెత్తడం కష్టం కాబట్టి ఆట సమయం తగ్గించండి, అంతే.

బరువులెత్తే పోటీలు మన జిల్లాల సొంత ఆస్తి. సంగిడి రాయి, ఉలవల బస్తా, పిల్లిమొగ్గలు, కర్రసాము, ఇవన్నీ మన పెద్దవాళ్లు పండగ పండగకీ ఆడినవే. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు గొలుసులు తెంచి, గుండె మీద ఏనుగునెక్కించుకుని దేశమంతా పేరు తెచ్చుకున్నారు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడ, ఆ ఏడాది దేశానికొచ్చింది ఆ ఒక్క పతకమే. విజయనగరం జిల్లాలో నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అనే ఊరుంది, అక్కడ బరువులెత్తని ఇల్లు వెతుక్కోవాలి. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో ఆడింది. మొదట కాంస్యం అన్నారు, గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరకడంతో అది వెండి అయింది. ఇవన్నీ మీ ఊరి అమ్మాయిలకి మైకులో చెప్పండి. టీవీలో కనిపించే ఎక్కడివాళ్ల గురించో విన్నదానికీ, బస్సెక్కితే చేరిపోయే ఊరి గురించి విన్నదానికీ పిల్లల మొహాల్లో తేడా నేను చూశాను. ఒక జాగ్రత్త: బస్తాని రోజూ అందరి ఎదుటా తూచండి. ఒడ్డు మీద తేమకి బస్తా బరువు పెరుగుతుంది, నిన్న ఎత్తినవాడికీ ఇవాళ ఎత్తినవాడికీ న్యాయం జరగదు.

దీంతోపాటు తాడులాగుడు తప్పనిసరిగా పెట్టండి. అలివి వల లాగిన చేతులకి ఇది వేరే నేర్పక్కర్లేదు. జట్టుకి ఎనిమిదిమంది, తాడు మధ్య గుర్తు నాలుగు మీటర్లు అటు వెళ్తే గెలుపు. ఆడవాళ్ల జట్లు కూడా వస్తాయి, చూడండి.

ఆడపిల్లల మాటకొస్తే, "రమ్మన్నాం, రాలేదు" అనేవాళ్లు చాలామంది. రావడానికి మూడు కావాలి. ఒకటి వేళ. తల్లులు పొద్దున్నే చేపల గంపలతో సంతకి పోతారు, ఆ పూట ఇల్లూ తమ్ముళ్లూ ఆ పిల్ల మీదే ఉంటాయి. తల్లి తిరిగొచ్చాకే ఆ పిల్లకి తీరిక. అమ్మాయిల మ్యాచ్‌లు సాయంత్రం నాలుగుకే పెట్టండి, అదీ మంచి కోర్టు మీద, అబ్బాయిల ఫైనల్‌కి ముందు. రెండు, బట్టలు మార్చుకునే చోటు, మరుగుదొడ్డి. తుఫాను షెల్టర్ తాళం పంచాయతీ నుంచి తీసుకోండి. మూడు, కమిటీలో డ్వాక్రా సంఘం నుంచి ఇద్దరు ఆడవాళ్లు. పేర్లు రాసే పని వాళ్లదే. మైకులో మగగొంతు పిలిస్తే రాని పిల్ల, ఇంటికొచ్చి పిన్ని పిలిస్తే వస్తుంది.

మా ఊళ్లో ఒక సాయంత్రం అమ్మాయిల కబడ్డీ నడుస్తోంది. సంత నుంచి వచ్చినావిడ ఇంటికి కూడా పోకుండా ఖాళీ తట్ట గీత పక్కన పెట్టి నిలబడింది. నేను ఒక పాయింటు ఇవ్వబోతుంటే గట్టిగా అంది: "బాబూ, లైను తొక్కినాది మా గుంట కాదు, అవతల గుంట. నాను సూసినాను." లైన్ అంపైరుని అడిగితే ఆవిడ చెప్పిందే నిజం. అంతకుముందు కబడ్డీ అంటే ఏమిటో ఆవిడకి తెలీదు. ఇప్పుడు ఊళ్లో ఆవిడ కూతురు ఆడుతుంటే ఒక్కరూ ఏమీ అనరు, అనడానికి ఆవిడ ఒప్పుకోదు.

తెప్పల పోటీ పెట్టాలని ఎవరైనా అంటారు. చూడ్డానికి దాన్ని మించింది లేదు. కానీ మత్స్యశాఖకీ మెరైన్ పోలీసులకీ ముందు చెప్పి, ప్రతివాడికీ లైఫ్ జాకెట్ ఉండి, పక్కన ఇంజను బోటు కాపలా ఉంటేనే. నైరుతి గాలి ముదిరి అల లేస్తే ఆరోజుకి మానేయండి, ఎవరేమన్నా సరే. నగదు బహుమతి ఉన్న చోట మానడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఇదొక్కటి చాలు నగదు వద్దనడానికి.

మీ గొడవల మూలం కూడా ఆ నగదే. పెద్ద మొత్తం ప్రకటిస్తే బయటి ఊళ్ల నుంచి డబ్బులిచ్చి ఆటగాళ్లని తెస్తారు, మీ ఊరి కుర్రాడు గట్టు మీద కూర్చుంటాడు, పందేలు మొదలవుతాయి. దాతలు ఇస్తామన్న డబ్బుతో లైఫ్ జాకెట్లు, ఐస్ బాక్సులు, టార్చిలైట్లు కొని అవే బహుమతులుగా ఇవ్వండి. గెలిచినవాడి ఇంట్లో వాళ్ల అమ్మ కూడా సంతోషిస్తుంది. రిఫరీలు మాత్రం రెండు ఊళ్లకీ సంబంధం లేనివాళ్లు కావాలి, చుట్టుపక్కల హైస్కూళ్ల వ్యాయామ టీచర్లని అడిగితే దారి ఖర్చులకే వస్తారు. క్రికెట్ మానొద్దు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకి కెప్టెన్‌గా వెళ్లిన విజ్జీ మన విజయనగరం వాడే, ఆ ఆట మనకి పరాయిది కాదు. పది ఆటల్లో ఒకటిగా ఉంటే చాలు, చుట్టుపక్కల వాడల వాళ్లతోనే జట్లు కట్టండి.

చివరగా అన్నిటికన్నా ముఖ్యమైంది. ప్రమాదం ఆటలో జరగదు, ఆట అయ్యాక జరుగుతుంది. గెలిచిన సంబరంలో కుర్రాళ్లు చెమటతో సముద్రంలోకి దూకుతారు. చూడ్డానికొచ్చిన మెట్ట ఊళ్ల పిల్లలూ వాళ్ల వెనకే దిగుతారు, వాళ్లకి ఈత రాదు. బారువలో మహేంద్రతనయ, కళింగపట్నంలో వంశధార కలిసే చోట్ల అసలు దిగనివ్వొద్దు. మిగతా చోట్ల కూడా, అటూ ఇటూ అలలు విరుగుతూ మధ్యలో ఒక పట్టీ ప్రశాంతంగా, మట్టిరంగుగా కనిపిస్తే నీళ్లు లోపలికి లాగుతున్నది అక్కడే. తెలియనివాడు అదే మంచి చోటనుకుని దిగుతాడు. దాంట్లో పడితే ఒడ్డు వైపు కొట్టుకోకుండా, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది బయటపడాలి. దీన్ని ప్రతి మ్యాచ్ ముందూ మైకులో చెప్పించండి. ఆట ముగిశాక చీకటి పడేదాకా ఇద్దరు మంచి ఈతగాళ్లని, లారీ ట్యూబులూ పొడవాటి తాడూ ఇచ్చి, ఒడ్డున నిలబెట్టండి. వాళ్ల పేర్లు అంపైర్ల పేర్ల పక్కనే షెడ్యూలు కాగితంలో రాయండి.