ఆఫీసులో మాట, ఫైల్లో రాత: గిరిజన ఉద్యోగులకు చట్టం ఇచ్చిన దారులు

ప్రశ్న: నేను ఏజెన్సీలో పుట్టి పెరిగిన కోయ యువకుణ్ణి. పోటీ పరీక్ష రాసి, ఆరేళ్ళుగా మైదాన ప్రాంతంలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా పని చేస్తున్నాను. రెండేళ్ళ క్రితం కొత్త సూపరింటెండెంటు గారు వచ్చారు. వచ్చిన నెలలోనే నా సెక్షను (నేను చూసే ఫైళ్ళ పని) తీసేసి తపాలు (వచ్చే ఉత్తరాలు నమోదు చేసే పని) అప్పగించారు. గ్రీవెన్స్ రోజున, అంటే ప్రజల అర్జీలు తీసుకునే రోజున, అర్జీదారులు నిలబడి ఉన్న హాలులో, "కోయోడికి నోట్‌ఫైలు రాయడం ఏం తెలుస్తుంది, కోటా లేకపోతే అడవిలో దుంపలు తవ్వుకునేవాడు" అన్నారు. టీ వస్తే అందరికీ గాజు గ్లాసులు, నాకు మాత్రం కాగితం కప్పు. ముందే మంజూరైన సీఎల్ (క్యాజువల్ లీవు) రోజుకు గైర్హాజరయ్యానని మెమో ఇచ్చారు. ఎదురు మాట్లాడితే ఏసీఆర్ (ఏటా పనితీరుపై రాసే రహస్య నివేదిక) పాడవుతుందని, ఏజెన్సీకి తోలిస్తానని అంటున్నారు. నేను ఎట్రాసిటీ కేసు పెట్టవచ్చా? పెడితే ఉద్యోగానికి ముప్పు వస్తుందా? సహోద్యోగులు సాక్ష్యం చెబుతారన్న నమ్మకం లేదు.
(పేరు, ఊరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు)

జవాబు: మీ ఉత్తరంలో రెండు వేర్వేరు విషయాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. హాలులో అన్న మాట నేరం. సెక్షను తీసేయడం, మెమో ఇవ్వడం, ఏసీఆర్ పేరుతో బెదిరించడం సర్వీసు వ్యవహారాలు. నేరానికి పోలీసు స్టేషను, ప్రత్యేక కోర్టు ఉన్నాయి. సర్వీసు వ్యవహారానికి పై అధికారి, ఆ తర్వాత హైకోర్టు ఉన్నాయి. ఈ రెంటినీ ఒకే అర్జీలో కలిపి రాసి పది చోట్లకు పంపడం నేను ఎక్కువగా చూసే పొరపాటు. అలా పంపితే పోలీసులు "ఇది ఆఫీసు గొడవ" అని పక్కన పెడతారు, ఆఫీసు వారు "పోలీసు కేసు తేలనివ్వండి" అని పక్కన పెడతారు. అందువల్ల మొదట రెండు వేర్వేరు ఫిర్యాదులు తయారు చేసుకోండి.

ముందు నేరం సంగతి చూద్దాం. షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం (మీరు అడిగిన ఎట్రాసిటీ చట్టం ఇదే) 1989లో వచ్చింది, 2015లో చేసిన సవరణతో దాని పరిధి బాగా పెరిగింది. ఎస్సీ, ఎస్టీలకు చెందని వ్యక్తి, ఎస్సీ లేదా ఎస్టీ వ్యక్తిని కించపరచాలన్న ఉద్దేశంతో పదిమంది చూపుకు అందే చోట అవమానించినా, బెదిరించినా సెక్షన్ 3(1)(ఆర్) వర్తిస్తుంది. అలాంటి చోటే కులం లేదా తెగ పేరుతో దూషిస్తే 3(1)(ఎస్) వర్తిస్తుంది. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ళ వరకు జైలు, దానితో పాటు జరిమానా. నేరం చేసిన వ్యక్తి ప్రభుత్వోద్యోగి అయితే సెక్షన్ 3(2)(vii) ప్రకారం కనీస శిక్ష ఒక సంవత్సరం.

ఈ కేసులు కోర్టులో నిలబడేదీ, వీగిపోయేదీ ఎక్కువగా "పదిమంది చూపుకు అందే చోటు" అన్న మాట దగ్గరే. 2025 జనవరి 31న సుప్రీంకోర్టు తమిళనాడుకు చెందిన ఒక కేసును కొట్టివేసింది. అందులో ఫిర్యాదుదారు మీలాగే ప్రభుత్వోద్యోగి, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. పని మీద వచ్చిన వ్యక్తి తనను ఆఫీసు గదిలో కులం పేరుతో తిట్టాడని ఆయన ఫిర్యాదు. అయితే ఆయన ఫిర్యాదు ప్రకారమే మాటలు జరిగినప్పుడు గదిలో మూడో మనిషి లేడు, ముగ్గురు సహోద్యోగులు తర్వాత వచ్చారు. అందువల్ల ఆ గదిని పదిమంది చూపుకు అందే చోటుగా లెక్కించలేమని కోర్టు చెప్పింది. నాలుగు గోడల మధ్య పడిన అవమానం తక్కువ అవమానం కాదని నేను గట్టిగా నమ్ముతాను. అయినా చట్టం నేడున్న రూపంలో అడిగే ప్రశ్న, ఎవరి ఎదుట అన్నారు అన్నదే. మీ విషయంలో అది హాలు, ఆ రోజు గ్రీవెన్స్, ఎదురుగా అర్జీదారులు ఉన్నారు. ఇది మీకు బలమైన అంశం.

సహోద్యోగులు సాక్ష్యం చెప్పకపోవచ్చన్న మీ అనుమానం నిజమే కావచ్చు. పైఅధికారి కింద పనిచేసేవారికి వారి భయాలు వారికి ఉంటాయి. కాని ఆ రోజు వచ్చిన అర్జీదారులకు ఆ అధికారితో పని ఒక్క రోజుదే. వారి పేర్లు, ఊళ్ళు ఆ రోజు అర్జీల రిజిస్టరులో ఉంటాయి. తపాలు మీ చేతిలో ఉంది కదా అని ఆ రిజిస్టరు నుంచి సొంతానికి నకళ్ళు తీసుకోవద్దు, దాన్నే మీ మీద ఆరోపణగా మలచగలరు. తేదీ, సమయం, ఆ రోజు గ్రీవెన్స్ జరిగిన విషయం ఫిర్యాదులో రాసి, ఆ రిజిస్టరును పరిశీలించమని దర్యాప్తు అధికారిని కోరండి. అన్న మాటలను అన్నట్టుగానే రాయండి. "కులం పేరుతో దూషించారు" అని నాగరికంగా కుదించి రాస్తే ఏ పదం వాడారో కోర్టుకు తెలియదు. జరగనిదేదీ చేర్చవద్దు. ఒక్క అతిశయోక్తి బయటపడితే జరిగిన తొమ్మిదింటినీ అనుమానిస్తారు.

కాగితం కప్పు విషయం కూడా రాయండి, కాని దాని మీదే కేసు నిలబెట్టాలనుకోవద్దు. ఎన్నాళ్ళ నుంచి జరుగుతోంది, గ్లాసులు ఎవరు తెప్పించారు, మీకు వేరుగా ఇమ్మని ఎవరు చెప్పారు అన్న వివరాలు ఉంటే, హాలులో అన్న మాట నోరుజారిన మాట కాదని, దాని వెనుక ఒక ఉద్దేశం ఉందని చూపడానికి ఉపయోగపడతాయి. ఆ తిట్టు మీ తెగ కారణంగానే వచ్చిందని చూపాల్సిన అవసరం ఉంది కాబట్టి ఈ వివరాలు చిన్నవి కావు.

ఫిర్యాదు ఇచ్చినప్పుడు "ముందు విచారణ చేస్తాం, తర్వాత చూస్తాం" అని స్టేషనులో చెబితే సెక్షన్ 18ఎ గుర్తు చేయండి. అలాంటి ముందస్తు విచారణకు వీలిస్తూ 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు తర్వాత దేశమంతటా ఆందోళనలు జరిగితే, అదే ఏడాది పార్లమెంటు ఈ సెక్షను చేర్చింది. ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదని అది స్పష్టంగా చెబుతుంది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. అప్పటికీ నమోదు చేయకపోతే ఇదే చట్టం కింద వచ్చిన 1995 నాటి నిబంధనల్లో 5వ నిబంధన ప్రకారం ఫిర్యాదును రాతపూర్వకంగా పోస్టులో జిల్లా ఎస్పీకి పంపండి. పోస్టు రసీదు, అందినట్టు వచ్చే రుజువు దాచుకోండి. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి, 60 రోజుల్లో ముగించాలి. విధిని కావాలని నిర్లక్ష్యం చేసిన ఎస్సీ, ఎస్టీయేతర ప్రభుత్వోద్యోగికి సెక్షన్ 4 కింద శిక్ష ఉంది. కలెక్టరు అధ్యక్షతన జరిగే జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ దృష్టికి కూడా ఆలస్యాన్ని తీసుకువెళ్ళవచ్చు. 14566 నంబరు ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల ఫిర్యాదుల కోసమే ఉన్న జాతీయ హెల్ప్‌లైన్.

ఇక సర్వీసు వ్యవహారం. ఆఫీసులో వివక్ష చాలాసార్లు కులం పేరు ఎత్తదు. మెమోగా, ఆగిపోయిన ఇంక్రిమెంటుగా, "సగటు" అన్న ఒక్క ఏసీఆర్ మాటగా వస్తుంది. కాగితంగా వచ్చిన దానికి కాగితంతోనే, గడువులోపలే జవాబు ఇవ్వాలి. మనసు విరిగి మెమోకు జవాబివ్వకుండా ఊరుకుంటే, రేపటి విచారణలో "సంజాయిషీ ఇవ్వలేదు" అన్న వాక్యమే మీ మీద ఆరోపణ అవుతుంది. సీఎల్ మంజూరు ఉత్తర్వు నకలు జతచేసి, కోపం లేని భాషలో, నాలుగైదు వాక్యాల జవాబు ఇచ్చి, ఇన్వర్డ్ నంబరు (అందినట్టు ఆఫీసు వేసే నంబరు) వేయించుకోండి. ఆ జవాబులో హాలు సంఘటన ప్రస్తావించవద్దు, దానికి వేరే ఫిర్యాదు ఉంది.

వ్యవహారం ఆరోపణ పత్రం దాకా వెళితే 1991 నాటి సీసీఏ నిబంధనలు (ప్రభుత్వోద్యోగులపై క్రమశిక్షణ చర్యలకు సంబంధించినవి) మీకు రక్ష. భారీ శిక్ష వేయాలంటే 20వ నిబంధన ప్రకారం ఆరోపణలు, వాటికి ఆధారమైన పత్రాల జాబితా, సాక్షుల జాబితా మీకు ఇచ్చి విచారణ జరపాలి. సాక్షులను మీరు ప్రశ్నించవచ్చు. విచారణాధికారి మీ సూపరింటెండెంటుకు దగ్గరివారైతే, మార్చమని మొదట్లోనే రాతపూర్వకంగా కోరాలి. నివేదిక వచ్చాక కోరితే దానికి విలువ తగ్గుతుంది. ఉద్యోగం పోతుందన్న ఇంట్లోవారి భయానికి రాజ్యాంగంలోని 311వ అధికరణమే జవాబు. విచారణ జరపకుండా, మీ వాదన వినకుండా మిమ్మల్ని తొలగించడం మామూలుగా సాధ్యం కాదు.

ఏసీఆర్ బెదిరింపు గురించి ఒక మంచి తీర్పు ఉంది. దేవ్ దత్ కేసులో 2008లో సుప్రీంకోర్టు, చెడ్డ వ్యాఖ్య మాత్రమే కాదు, ఏ వ్యాఖ్య అయినా ఉద్యోగికి తెలియజేయాలని, దానిపై అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇవ్వాలని చెప్పింది. కాబట్టి ప్రతి ఏడాదీ మీ ఏసీఆర్ నకలు అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి.

"ఏజెన్సీకి తోలిస్తా" అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. మన రెండు రాష్ట్రాల కార్యాలయాల్లో పాడేరు, ఉట్నూరు, ఏటూరునాగారం, రంపచోడవరం అన్న పేర్లను శిక్షగా పలకడం అలవాటైపోయింది. ఆ ఊళ్ళు ఎవరి ఇళ్ళో, ఆ మాట వారి చెవిన ఎలా పడుతుందో ఆలోచించేవారు తక్కువ. చట్టపరంగా చూస్తే, బదిలీ సర్వీసులో భాగమే, కోర్టులు అందులో సాధారణంగా జోక్యం చేసుకోవు. అయితే విచారణ జరిపి శిక్షించడానికి బదులుగా వేసిన బదిలీ చెల్లదని సోమేశ్ తివారీ కేసులో 2009లో సుప్రీంకోర్టు అంది. ఇప్పుడే పై అధికారికి ఈ బెదిరింపు గురించి రాసి ఉంచితే, రేపు బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడు దాని వెనుక కారణం మీరు కొత్తగా కల్పించింది కాదని తేలుతుంది.

మీ పై అధికారి స్పందించకపోతే శాఖాధిపతికి సరైన మార్గంలో, అంటే మీ పై అధికారి ద్వారా రాసి, ముందస్తు నకలు నేరుగా పంపండి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఇప్పుడు రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునల్ లేదు, సర్వీసు వివాదాలకు నేరుగా హైకోర్టుకే వెళ్ళాలి. రాజ్యాంగం 338ఎ అధికరణ కింద ఏర్పడిన జాతీయ ఎస్టీ కమిషన్‌కు కూడా ఫిర్యాదు చేయవచ్చు. అధికారులను పిలిపించి, ఫైళ్ళు తెప్పించుకునే సివిల్ కోర్టు అధికారాలు దానికి ఉన్నాయి, ఆ నోటీసుతోనే చాలా కార్యాలయాలు కదులుతాయి. కాని స్టే ఇచ్చే అధికారం కమిషన్‌కు లేదని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. ఉత్తర్వును ఆపించాల్సిన పరిస్థితి ఉంటే కమిషన్ జవాబు కోసం ఎదురుచూస్తూ గడువులు పోగొట్టుకోవద్దు.

ఒక లోటు మాత్రం చెప్పక తప్పదు. పని చేసే చోట మహిళలపై లైంగిక వేధింపులకు 2013 చట్టం ప్రకారం కనీసం పదిమంది పనిచేసే ప్రతి కార్యాలయంలో అంతర్గత కమిటీ ఉండాలి. కుల వివక్షకు ప్రభుత్వ కార్యాలయాల్లో అలాంటి కమిటీని ఏ చట్టమూ తప్పనిసరి చేయలేదు. అందుకే మీలాంటి ఉద్యోగి మౌనంగా ఉండడమా, నేరుగా పోలీసు స్టేషనుకు వెళ్ళడమా అన్న రెండే తలుపుల మధ్య నిలబడవలసి వస్తోంది. మూడో తలుపు ఉండాలని ఉద్యోగ సంఘాలు ఇకనైనా అడగాలి.

ప్రశ్న: నేను తండాలో పుట్టిన లంబాడా ఉపాధ్యాయినిని, తెలంగాణలో పనిచేస్తున్నాను. పదోన్నతుల జాబితా వచ్చిన ప్రతిసారీ నా కుల ధ్రువీకరణ పత్రం దొంగదని ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాస్తారు. ప్రతిసారీ నా ఫైలు ఆగుతుంది. ఇలా ఎన్నిసార్లు నిరూపించుకోవాలి?

జవాబు: 1993 నాటి కుల ధ్రువీకరణ పత్రాల చట్టం ప్రకారం, పత్రం తప్పని తేల్చి రద్దు చేసే అధికారం జిల్లా కలెక్టరుది, అదీ మీకు నోటీసు ఇచ్చి, మీ వాదన విన్నాకే. రద్దయ్యేంతవరకు ఆ పత్రం చెల్లుతుంది. అర్జీ వచ్చిందన్న ఒక్క కారణంతో ఆఫీసు వారు మీ పత్రం లేనట్టుగా వ్యవహరించకూడదు. అయితే నిరూపించే భారం చట్టం మీ మీదే పెట్టింది కనుక, మీ తండ్రి, తాతల బడి రికార్డులు, పాత రెవెన్యూ కాగితాలు ఒక చోట చేర్చి పెట్టుకోండి. తెలంగాణ ప్రాంతంలో లంబాడాలు ఎస్టీ జాబితాలో చేరింది 1976 చట్టంతో కాబట్టి, అంతకు ముందు రికార్డులో ఎస్టీ అని లేకపోవడం లోపం కాదు, తెగ పేరు ఉంటే చాలు. ఒకసారి విచారణ పూర్తయి మీకు అనుకూలంగా తేలితే ఆ ఉత్తర్వు నకలు సర్వీసు రిజిస్టరులో నమోదు చేయించండి. ఉత్తరం రాసిన వ్యక్తి ఎవరో తెలిసి, తెలిసీ అబద్ధపు సమాచారం ఇచ్చి అధికారి చేత మిమ్మల్ని వేధింపజేశాడని చూపగలిగితే అత్యాచారాల నిరోధక చట్టంలోని 3(1)(క్యూ) వర్తిస్తుంది. జూనియర్లకు పదోన్నతి ఇచ్చి మీ ఫైలు మాత్రం ఆపితే హైకోర్టుకు వెళ్ళడానికి ఆలస్యం చేయవద్దు.

ప్రశ్న: మాది కేంద్ర ప్రభుత్వ శాఖ. నేను ఎరుకల తెగవాణ్ణి. పదోన్నతిలో రోస్టరు (ఏ పోస్టు ఏ వర్గానికో చూపే రిజర్వేషన్ల వరుస) పాటించలేదని అడిగితే జవాబు లేదు.

జవాబు: మీ శాఖలో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ల అమలు చూసే లైజన్ ఆఫీసరు ఉంటారు. ఆయనకు రాసి, రోస్టరు రిజిస్టరు నకలు సమాచార హక్కు చట్టం కింద కోరండి. 30 రోజుల్లో జవాబు రావాలి. ఫలితం లేకపోతే హైదరాబాదులోని కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ బెంచికి వెళ్ళండి. తుది ఉత్తర్వు వచ్చిన ఏడాదిలోపు దరఖాస్తు వేయాలి. మీ అర్జీకి ఆరు నెలలు గడిచినా జవాబు రాకపోతే, ఆ ఆరు నెలలు పూర్తయిన నాటి నుంచి ఏడాది లెక్క. వకీలు ఖర్చు గురించి సందేహించవద్దు. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 చట్టం ఇచ్చింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేయండి, లేదా 15100కు ఫోన్ చేయండి.