సెయింట్ మాలోకి ఒక్క రోజు చాలా? ముందు పోటు వేళలు చూసుకోండి

అమ్మానాన్నలను పారిస్ నుంచి ఫ్రాన్స్ తీరాన కోటగోడల ఊరు సెయింట్ మాలోకి తీసుకెళ్లి అదే రోజు తిరిగి రావచ్చా అని ఒకరు అడిగారు. రావచ్చు. మోంపర్నాస్ స్టేషన్‌లో నేరుగా వెళ్లే టీజీవీ (హైస్పీడ్ రైలు) ఎక్కితే రెండుంపావు గంటలు, కాస్త అటూఇటూ. కానీ నన్నడిగితే ఒక రాత్రి ఉండండి. అక్కడ రోజంతా సముద్రం చెప్పినట్టు నడుస్తుంది.

మన విశాఖ, కాకినాడ వైపు పోటుకీ పాటుకీ తేడా రెండు మీటర్లు కూడా ఉండదు. అక్కడ పెద్ద పోట్ల రోజుల్లో 12 మీటర్లు దాటుతుంది, అంటే నాలుగంతస్తుల మేడ ఎత్తు! మేం మొదటిసారి ఇది పట్టించుకోలేదు. పాటు వేళ బోన్ సెకూర్ బీచ్ నుంచి గ్రాండ్ బే దీవికి నడిచి వెళ్లొచ్చు. పైన రచయిత షాటోబ్రియాన్ సమాధి ఉంది. పేరైనా చెక్కని రాతి శిలువ, ఎదురుగా సముద్రం. ఫొటోలు తీసుకుంటూ కూర్చున్నాం. కిందికి దిగేసరికి రాళ్ల బాట మధ్యలో నీళ్లు. చీలమండ లోతే, కానీ పాచి మీద కాలు నిలిస్తేనా! నాన్న చెప్పులు చంకన పెట్టుకుని, ప్యాంటు మడిచి, అమ్మ చెయ్యి పట్టుకుని దాటించారు. ఒడ్డెక్కి వెనక్కి తిరిగితే కాసేపటికే బాట లేదు. వెళ్లేటప్పుడు హెచ్చరిక బోర్డు కనిపించింది, ఫ్రెంచ్‌లో ఉంది కదా అని దాటేశాను. తప్పు నాదే. అక్కడ చిక్కుకుంటే మళ్లీ నీళ్లు దిగేదాకా గంటల తరబడి కూర్చోవాల్సిందే.

కోటగోడ మీద ఊరు చుట్టి రావడానికి టికెట్ లేదు, రెండు కిలోమీటర్ల లోపే. మెట్లు మాత్రం పెద్దవాళ్లకు నెమ్మదిగా ఎక్కించండి. దారిలో ఇంగ్లండ్ వైపు వేలు చూపించే సుర్కూఫ్ విగ్రహం కనిపిస్తుంది, శత్రువుల ఓడలను పట్టుకున్న ఈ ఊరి నావికుడు. 1800లో మన బంగాళాఖాతంలో ‘కెంట్’ అనే ఇంగ్లిష్ ఓడను పట్టుకున్నది ఈయనే. 1746లో మద్రాసును ఇంగ్లిష్‌వాళ్ల నుంచి లాక్కున్న ఫ్రెంచ్ నౌకాదళ నాయకుడు లా బుర్దొనే కూడా ఈ ఊరివాడే. నాన్నది యానాం పక్క పల్లె, ఈ మాట వినగానే అక్కడే ఆగిపోయారు.

ఒక సంగతి: గోడల లోపలి ఊరు చాలావరకు 1944 ఆగస్టు బాంబులకు కూలిపోయింది. ఇప్పుడు చూసేది తర్వాత మళ్లీ కట్టినది. ఇది తెలిసి కొందరు నీరుగారిపోతారు. నాకైతే అంత ఓపికగా పాత రూపంలోనే ఎలా నిలబెట్టారా అనిపించింది.

తిండికి గాలెట్ అడగండి, చూడటానికి రాగి దోసెలా ఉంటుంది. ‘కంప్లెట్’ అంటే గుడ్డు, చీజ్‌తో పాటు పంది మాంసం కూడా వస్తుంది. వద్దనుకుంటే ‘సాన్ జాంబో’ అని ముందే చెప్పండి.

రాత్రి ఉండేట్టయితే సియోన్ బీచ్ వైపు గది చూసుకోండి. పెద్ద పోటుకి గాలి తోడైతే కెరటాలు గోడకు కొట్టి రోడ్డు మీదే పడతాయి. అద్దె కారుంటే మాత్రం ఆ అంచున పెట్టకండి.