పులికాట్ మొగ మళ్లీ మళ్లీ ఎందుకు పూడిపోతోంది?

తవ్వినా పులికాట్ మొగ, అంటే సరస్సు సముద్రంలో కలిసే ద్వారం, పూడిపోతోంది, ఇంకా వెడల్పు చేస్తే నిలుస్తుందా అని అడిగారు కదండీ. నిలవదు, ఒక్కోసారి బెడిసికొడుతుంది కూడా. సముద్రానికీ సరస్సుకూ నీటిమట్టంలో ఉన్న తేడా నీటిని తోస్తుంది, అడుగు రాపిడి అడ్డుకుంటుంది. మొగ మరీ ఇరుకైతే రాపిడిదే పైచేయి. మరీ వెడల్పైతే వచ్చిపోయే నీరు దాదాపు అంతే కాబట్టి వేగం పడిపోతుంది, ఇసుకను మోసే శక్తి అంతకన్నా ఎన్నో రెట్లు పడిపోతుంది. అక్కడ పెద్ద పోటుకు కూడా నీరు లేచేది సుమారు మీటరే. అలలేమో ఏడాది మొత్తమ్మీద తీరం వెంట ఇసుకను ఉత్తరానికి నెడుతూ మొగలో పడేస్తుంటాయి. ఇక గెలిచేదెవరు!

ముందు ఒక్కో పోటుకు లోపలికి ఎంత నీరు వెళ్తోందో కొలిపించండి. సరస్సు పూడి అది తగ్గుతుంటే మొగ తవ్వకం డబ్బు దండగే. దక్షిణాన రాతి గట్టు కడితే ఇసుక కొంతకాలం ఆగుతుంది గానీ, ఉత్తరం వైపు తీరం కోసుకుపోతుంది.