ఆరు ఏజెంట్లు తర్వాత, ముందు ర్యాంపు దగ్గరికి వెళ్లు

ప్రశ్న: నేను తిరుపతిలో బీటెక్ సీఎస్‌ఈ ఫైనలియర్ చదువుతున్నాను. మాది బంగారుపాళెం దగ్గర పల్లె, నాయన మామిడి రైతు. రిక్వైర్‌మెంట్స్ (వాడేవాళ్ల అవసరాలు) ఇస్తే ఫీచర్ స్పెసిఫికేషన్లు (స్పెక్‌లు, అంటే సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో వివరంగా రాసిన పత్రాలు) రాసిపెట్టే మల్టీ-ఏజెంట్ సిస్టమ్‌ను, అంటే ఒక్కో పనికి ఒక్కో ఏఐ సహాయకుడు ఉండే వ్యవస్థను, మేజర్ ప్రాజెక్టుగా చేద్దామని మా బ్యాచ్ నలుగురం అనుకున్నాం. సీఈఓ, ప్రొడక్ట్ మేనేజర్, ఆర్కిటెక్ట్, డెవలపర్, టెస్టర్, రివ్యూయర్ అని ఆరు ఏజెంట్లు. ఏజెంట్లు కట్టే టూల్స్‌లో క్రూ ఏఐ నేర్చుకోవాలా, లాంగ్‌గ్రాఫ్ నేర్చుకోవాలా? ఒక ప్రాజెక్ట్ సెంటర్ వాళ్లు రెడీగా చేసిస్తామంటున్నారు. కోడింగ్‌లో నేను యావరేజ్. దీంతో ఉద్యోగం వస్తుందా? నాయన టెన్షన్ పడుతున్నాడు.

జవాబు: ముందు ఆ సీఈఓ ఏజెంట్‌ను తీసేయమ్మా. కంపెనీలో ఉండే హోదాలన్నీ ఏజెంట్లకు తగిలించడం 2023లో మెటాజీపీటీ, చాట్‌డెవ్ లాంటి పరిశోధన ప్రాజెక్టులు వచ్చాక బాగా పాకింది. డెమోలో ముచ్చటగానే ఉంటుంది, ఒకటి అడుగుతుంది, ఇంకొకటి చెబుతుంది, స్క్రీన్ నిండా మాటలే. కానీ ఇంటర్వ్యూలో ‘మీ ఆర్కిటెక్ట్ ఏజెంట్‌కీ డెవలపర్ ఏజెంట్‌కీ తేడా ఏంటి’ అని అడిగితే ఏం చెబుతావు? రెండూ ఒకే ఏఐ మోడల్, ప్రాంప్ట్‌లో (దానికి ఇచ్చే ఆదేశంలో) పేరు మార్చాం అనేగా. ఒకటి రాసింది ఇంకొకటి స్వతంత్రంగా తనిఖీ చేయాలి, లేదా ఈ దశలో ఉన్న సమాచారం ఆ దశకు కనబడకూడదు, లేదా ఇక్కడ ఆగి మనిషిని అడగాలి. ఇలాంటి కారణం ఉన్నచోటే పనిని విడగొట్టండి. అలా లెక్కేస్తే ఆరు రావు, మూడో నాలుగో వస్తాయి.

అసలు నీ ప్రశ్న మొత్తంలో నాకు కనబడని విషయం ఒకటుంది. ఎవరి రిక్వైర్‌మెంట్స్? నెట్‌లో దొరికే లైబ్రరీ మేనేజ్‌మెంట్, హాస్పిటల్ మేనేజ్‌మెంట్ డాక్యుమెంట్లు తెచ్చి పెడితే, అలాంటివి మోడల్ ట్రైనింగ్‌లోనే బోలెడు చూసి ఉంటుంది, కాబట్టి నువ్వు ఎంత అరకొరగా ఇచ్చినా చక్కగా నింపేస్తుంది, మీ సిస్టమ్ బాగుందో లేదో ఎవరికీ తెలియదు. నువ్వేమో మామిడి మండీల మధ్య పుట్టి పెరిగావు. 2025 సీజన్‌లో తోతాపురి లోడ్లతో ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు రోజుల తరబడి బారులు తీరడం మీ ఇంట్లో అందరికీ గుర్తుండే ఉంటుంది. కిలోకు 12 రూపాయలని ప్రభుత్వం చెప్పింది, అందులో 8 ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 ప్రభుత్వ సబ్సిడీ. టోకెన్, కాటా, బిల్లు, ఈ మూడింటికీ ఒక చిన్న సాఫ్ట్‌వేర్ అనుకో. ఇంతకంటే మంచి సబ్జెక్టు మీకు అమీర్‌పేటలో వెతికినా దొరకదు.

కాబట్టి మొదటి పని ల్యాప్‌టాప్ ముందు కాదు. మీ నాయనతో మొదలుపెట్టు, లోడు తోలిన రోజు పొద్దున్నుంచి రాత్రి వరకు ఏం జరిగిందో చెప్పమని అడిగి రికార్డ్ చేయి. ప్రశ్నలు అడగడం కాస్త అలవాటయ్యాక మామిడి లోడ్లు కొనే ర్యాంపు దగ్గర కాటా వేసే మనిషిని, బిల్లులు రాసే గుమాస్తాను అడుగు, వాళ్ల అనుమతితోనే. సీజన్ కాని రోజుల్లో వాళ్లకు మాట్లాడే తీరిక ఉంటుంది, జూన్‌లో వెళితే నిన్ను పట్టించుకునేవాళ్లు ఉండరు. రాసుకున్నదాంట్లో పేర్లు, ఫోన్ నంబర్లు, బ్యాంకు వివరాలు తీసేశాకే మోడల్‌కు ఇవ్వాలి.

ఇప్పుడు గుమాస్తా ఇలా అన్నాడనుకో: ‘లోడు రాగానే టోకెన్ ఇస్తాం, కాటా అయ్యాక తరుగు తీసి బిల్లు వేస్తాం.’ ఈ ఒక్క మాటను నేరుగా మోడల్‌కు ఇచ్చి స్పెక్ రాయమని చూడు. ఎంతో నీట్‌గా రాస్తుంది, రైతు ఫోన్‌కు ఓటీపీ, 5 శాతం తరుగు, రెండు సెకన్లలో బిల్లు. ఆ 5 శాతం ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. 2025 ధర కూడా చెబితే 12 అని వేసేస్తుంది, ఆ లెక్కన ఫ్యాక్టరీ బిల్లులో పడాల్సింది 8 కదా, మిగతా 4 వచ్చే దారి వేరు. ఆ స్పెక్ పట్టుకుని కోడ్ రాస్తే మొదటి రోజే లెక్కలు తేలవు. మీ సిస్టమ్ పరిష్కరించాల్సిన సమస్య ఇదే. స్పెక్ రాయడం ఇవాళ ఏ మోడల్‌కైనా వచ్చు, తెలియనిచోట ఊహించకుండా ఆగి అడగడమే చాలాసార్లు రాదు. మీరు కట్టాల్సింది ఆ అడిగే పద్ధతిని.

నేనైతే ఇలా కడతాను. మొదటి ఏజెంట్ సంభాషణను చిన్న చిన్న రిక్వైర్‌మెంట్లుగా విడగొట్టి, ప్రతిదానికీ ఒక నంబరు, ఎవరు అన్నారు, ఏ వాక్యంలో అన్నారు అనేది ఉన్నదున్నట్టు పక్కనే పెడుతుంది, సొంతంగా ఒక్క ముక్క కలపకూడదు. రెండోది ప్రశ్నలు మాత్రమే రాస్తుంది: తరుగు ఎంత, ఎవరు నిర్ణయిస్తారు, కాయ రకాన్ని బట్టి మారుతుందా, రైతు ఒప్పుకోకపోతే ఏం చేస్తారు, గుమాస్తా ఒకటి చెప్పి కాటా మనిషి ఇంకొకటి చెబితే ఎవరి మాట లెక్క. జవాబులు ఊహించే హక్కు దానికి లేదు. ఇక్కడ వర్క్‌ఫ్లో ఆగిపోవాలి, నిజంగానే ఆగిపోవాలి, నువ్వు వెళ్లి గుమాస్తాను అడిగి రెండు రోజుల తర్వాత జవాబులు పెడితే ఆగినచోటి నుంచే మళ్లీ కదలాలి. డేటాబేస్‌లో స్థితిని భద్రపరచడం, ఒక ఏజెంట్ నుంచి ఇంకొకదానికి కబుర్లు కాకుండా కచ్చితమైన ఫీల్డులున్న జేసన్ (పేరు, విలువ జతలుగా డేటా రాసే ఫార్మాట్) పంపడం, ఇవన్నీ అప్పుడు అవసరమవుతాయి. పరీక్ష కోసం బట్టీ పట్టడం కంటే అలా నేర్చుకున్నది బాగా నిలుస్తుంది.

మూడోది రాసేది. దానికి ఒక వాక్య నిర్మాణం ఇవ్వండి. రోల్స్ రాయిస్‌లో జెట్ ఇంజిన్ కంట్రోల్ సిస్టమ్స్ కోసం అలిస్టర్ మావిన్ బృందం రూపొందించి 2009లో బయటపెట్టిన ఈయర్స్ అనే పద్ధతి ఉంది, చాలా తేలిక. ‘లోడు కాటా ఎక్కినప్పుడు సిస్టమ్ మొత్తం బరువును ఆ టోకెన్ నంబరు కింద నమోదు చేయాలి.’ ‘కాటా నుంచి రీడింగ్ రాకపోతే సిస్టమ్ బిల్లు తయారు చేయకూడదు.’ ఎప్పుడు, ఏ పరిస్థితిలో, ఏం చేయాలి, అంతే. అమెజాన్ 2025లో తెచ్చిన ఏఐ కోడింగ్ టూల్ కిరో కూడా రిక్వైర్‌మెంట్స్‌ను ఈ పద్ధతిలోనే రాస్తుంది, కాబట్టి పాత చింతకాయ పచ్చడి అనుకోకు.

నాలుగోది తనిఖీ చేసేది. రాసిన ఏజెంట్ ఏమాలోచించి రాసిందో దీనికి అసలు చూపించొద్దు, అసలు మాటలు, చివరి స్పెక్ మాత్రమే ఇవ్వాలి. స్పెక్‌లో ప్రతి లైనూ ఏ రిక్వైర్‌మెంట్ నుంచి వచ్చిందో చెప్పగలగాలి, చెప్పలేకపోతే అది ఊహ, ఎర్ర గుర్తు పెట్టాలి. నంబర్లు సరిపోయాయో లేదో చూడటానికి మాత్రం ఏజెంట్ దండగ, పైథాన్‌లో పది లైన్లు చాలు. అర్థం సరిపోయిందా అన్నదే మోడల్ పని. ఇంకోటి, రాసేదీ తనిఖీ చేసేదీ ఎన్నిసార్లు తిరగాలో హద్దు పెట్టండి. రెండు సార్లు తిరిగాక కూడా తేలకపోతే మనిషి దగ్గరికి రావాలి, లేదంటే అవి ఒకదాన్నొకటి మెచ్చుకుంటూ కూర్చుంటాయి, మోడల్ వాడకం బిల్లు మీకు వస్తుంది.

పనిచేస్తోందని రుజువేంటి? ఇదే నీ వైవాలో అసలు ప్రశ్న. అదే రిక్వైర్‌మెంట్స్‌కు మీ నలుగురూ చేత్తో స్పెక్ రాసి పెట్టుకోండి. ఆ తర్వాత సంభాషణలో కావాలనే తప్పులు దూర్చండి, ఒకచోట తరుగు లేదని, ఇంకోచోట ఉందని. ఎన్ని పట్టుకుంది, లేనివి ఎన్ని కల్పించింది అని లెక్కేయండి. ఒకే ఇన్‌పుట్‌ను చాలాసార్లు నడిపి ప్రతిసారీ అదే వస్తోందా చూడండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఏజెంట్లేవీ లేకుండా ఒకే ఒక్క మంచి ప్రాంప్ట్‌తో వచ్చిన ఫలితాన్ని పక్కన పెట్టి పోల్చండి. ఒక్క ప్రాంప్టే సమానంగా చేస్తే అదే రిపోర్టులో రాయండి, దాచొద్దు. అలా రాసిన విద్యార్థిని నేనైతే ముందు పిలుస్తాను.

ఇక టూల్ సంగతి. మధ్యలో ఆగి మనిషిని అడిగి మళ్లీ కదలడం లాంగ్‌గ్రాఫ్‌లో సులువు, అది తీసుకో. దానికోసం నెలలు పెట్టొద్దు. ఇలాంటిదే ఇంకో టూల్, మైక్రోసాఫ్ట్ ఆటోజెన్, 2023లో వచ్చింది, అందరూ ఎగబడి నేర్చుకున్నారు, 2025 అక్టోబర్‌కల్లా వాళ్లే ఏజెంట్ ఫ్రేమ్‌వర్క్ అని ఇంకోటి తెచ్చారు. పైన చెప్పిన ఈయర్స్ మాత్రం 2009 నుంచీ దాదాపు అలాగే ఉంది. ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ కోర్సు చూడు, చూడటం ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు.

ప్రాజెక్ట్ సెంటర్ వద్దు. వాళ్లిచ్చే కోడ్ నడుస్తుంది, కానీ ‘ఈ ప్రశ్న గుమాస్తాను ఎందుకు అడగాల్సి వచ్చింది’ అంటే నువ్వు బిక్కమొహం వేయాలి.

ఉద్యోగం గురించి మొహమాటం లేకుండా చెబుతాను. ఏ ప్రాజెక్టూ ఉద్యోగం ఇవ్వదు, మాట్లాడటానికి విషయం ఇస్తుంది. కోడింగ్‌లో యావరేజ్ అంటున్నావు కాబట్టి డెవలపర్ పోస్టులకు మాత్రమే అప్లై చేసి కూర్చోకు. బిజినెస్ అనలిస్ట్, టెస్టింగ్, ప్రొడక్ట్ సపోర్ట్, ఇంప్లిమెంటేషన్ పోస్టులు చూడు, అక్కడ కావాల్సింది ఎదుటివాడి మాట విని అందులో చెప్పనిదేంటో పట్టుకోవడమే. మన తిరుపతి, చిత్తూరు వాళ్లకు ఒకవైపు చెన్నై, ఇంకోవైపు బెంగళూరు, బస్సెక్కితే కొన్ని గంటల్లో ఇంటర్వ్యూకు చేరొచ్చు. అయితే ఎస్‌క్యూఎల్, పైథాన్ మాత్రం వదిలే ప్రశ్నే లేదు, యావరేజ్ అంటే ఆ రెండూ వచ్చిన యావరేజ్ కావాలి.

నాయన టెన్షన్ ఖర్చు గురించైతే, దీనికి గ్రాఫిక్స్ కార్డున్న ఖరీదైన ల్యాప్‌టాప్ అక్కర్లేదు, ఉన్నదే చాలు. ఏపీఐ ఖాతాలో (మీ కోడ్ నుంచి మోడల్‌ను వాడుకునే ఖాతాలో) ఖర్చుకు పరిమితి పెట్టుకోండి, టెస్టింగ్‌కు చిన్న మోడల్ వాడండి, నలుగురు పంచుకుంటే భారం కాదు.

రెజ్యూమెలో ‘ఆరు ఏజెంట్లతో ఏఐ సిస్టమ్’ అని రాయొద్దు. మామిడి ర్యాంపు సిబ్బందితో, రైతులతో మాట్లాడి రిక్వైర్‌మెంట్స్ సేకరించాం, స్పెక్‌లో ఆధారం లేని లైన్లను పట్టుకునే వర్క్‌ఫ్లో కట్టాం, చేత్తో రాసినదాంతో పోల్చాం అని రాసి, వచ్చిన అంకెలు వేయి. అంకెలు తక్కువొచ్చినా వేయి.