ఫిడేలు కొనే ముందు ఈ మామయ్య మాట కాస్త విను

సిరీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "అన్నయ్యా, అది వయొలిన్ కొనుక్కుంటుందట" అని, వెంటనే ఉల్లిపాయల ధర గురించి మాట్లాడటం మొదలెట్టింది. మీ అమ్మ అలా మాట మార్చిందంటే ఆ విషయం తన మనసులో ఎంత లోతుగా తగిలిందో నీకు తెలుసు, నాకూ తెలుసు. నాకైతే రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషం ఒక పక్క. ఆ మాల్‌లో ఉన్న పెద్ద చెయిన్ షాపులో ఆఫర్ చూసుకుని, ఈఎంఐ సంగతి కూడా మాట్లాడేశావని విన్నాక టెన్షన్ ఇంకో పక్క. అందుకే పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా ఇది రాస్తున్నా. పొడుగ్గా ఉంటుంది, ఆఫీసు బస్సులో చదువుకో.

ముందు మామూలు సంగతులు. నీకు ఫుల్ సైజే కావాలి, చిన్నపిల్లల సైజులు వద్దు. మాస్టారిని కుదుర్చుకున్నాకే ఫిడేలు కొను. పెట్టె గట్టిది తీసుకో. కమానుకి రాసే రోజిన్ బిళ్ళ ఉందో లేదో చూసుకో. అంతే.

నువ్వు చెయిన్ షాపుల మీద నాకు కోపమని అనుకుంటావేమో, అదేం లేదు. నువ్వు కీబోర్డు కొంటానంటే నేనే ఆ మాల్‌కి పంపేవాణ్ణి. కీబోర్డు ఫ్యాక్టరీలోంచి ఎలా వచ్చిందో అలాగే పలుకుతుంది, పాడైతే కంపెనీ సర్వీసు ఉంటుంది, బిల్లు ఉంటుంది, గంటసేపు వాయించి చూసినా ఎవరూ మొహం చిట్లించరు. ఫిడేలు అలా కాదే. డబ్బాలోంచి తీసినప్పుడు అది ఇంకా సగమే తయారైనట్టు. తీగల కింద నిలబెట్టే బ్రిడ్జి పాదాలు ఆ ఫిడేలు పొట్ట వంపుకి సరిగ్గా అతుక్కునేలా అరగదియ్యాలి. తీగలు బిగించే బిరడాలు జారకుండా, బిగుసుకుపోకుండా చూడాలి. మెడ్రాసు గాలిలో తేమ ఎంతో నీకు తెలియనిదా, చెక్క ఉబ్బుతుంది, అతుకులు విడిపోతాయి. పైగా పడమటి వాళ్ళు శ్రుతి చేసే పద్ధతి వేరు, మనం స-ప-స-ప అని చేసుకుంటాం. కాబట్టి ఏ తీగలు వెయ్యాలో కూడా తెలిసినవాడే చెప్పాలి. ఇదంతా చేసే మనిషి ఆ షాపులో ఉన్నాడా అని అడుగు. ఉంటే అక్కడే కొను, నాకేం అభ్యంతరం లేదు. "సర్వీస్ సెంటర్‌కి పంపిస్తాం మేడమ్" అన్నారంటే మాత్రం నమస్కారం పెట్టి బయటికి వచ్చెయ్.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో రాస్తా. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు.

1989లో నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చిన రెండో ఏడు. మాంబళంలో ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక గదిలో ఉండేవాణ్ణి. నెల్లూరులో మీ అమ్మ మాస్టారి దగ్గర పాత ఫిడేలు అరువు తెచ్చుకుని నేర్చుకునేది, వారానికి మూడు రోజులే దాని చేతిలో ఉండేది. నేను కొనిపెడతానని గొప్పగా మాటిచ్చాను. మైలాపూర్లో మాడవీధుల వెనక చిన్న చిన్న దుకాణాలున్నాయని తెలుసు, ఒకసారి ఒకదాని గుమ్మం దాకా వెళ్ళాను కూడా. లోపల ఒక పెద్దాయన నేల మీద కూర్చుని ఏదో చెక్క చెక్కుతున్నాడు, తల కూడా ఎత్తలేదు. నాకు అరవం సరిగ్గా రాదు, ఫిడేలు గురించి అసలే తెలీదు, ఏమడిగినా నవ్వుతాడేమోనని సిగ్గేసి వెనక్కి వచ్చేశా. తర్వాత టీవీలు, మిక్సీలు, హార్మోనియాలు అన్నీ ఒకే కప్పు కింద అమ్మే ఒక పెద్ద షోరూంకి వెళ్ళాను. అద్దాల తలుపు, ఫ్యాను గాలి, "రండి సార్" అని పిలిచే కుర్రాడు. ఎర్రగా మెరిసిపోతున్న ఫిడేలు, లోపల ఎర్ర మఖమలు గుడ్డ వేసిన పెట్టె. దాదాపు నెల జీతం పెట్టి కొనేశా.

మే నెల. సెంట్రల్లో మధ్యాహ్నం రైలెక్కి, కిటికీ పక్కన ఎండలో ఆ పెట్టెని పెట్టుకుని నెల్లూరు చేరాను. అప్పటికే అందరూ పడుకున్నారు. మా అమ్మ ఒక్కతే లేచి అన్నం పెట్టింది. పొద్దున్నే చెల్లి చేతిలో పెడదామని పెట్టె తెరిచి చూస్తే తీగలు వదులై వేలాడుతున్నాయి, ఫిడేలు కదిపితే లోపల గలగలమంటోంది. తిరగేసి చూశా. లోపల అగ్గిపుల్ల కంటే లావుగా, చిటికెన వేలంత పొడవున ఒక చెక్కపుల్ల. ఫ్యాక్టరీలో చెత్త లోపల పడిపోయిందనుకున్నా. అరగంట కుస్తీ పట్టి, మా అమ్మ జడపిన్నుతో ఫిడేలు పొట్ట మీదున్న కన్నంలోంచి బయటికి లాగి, కిటికీలోంచి వీధిలోకి విసిరేశా. ఎంత తెలివైనవాణ్ణో అనుకున్నాను కూడా! తర్వాత బిరడాలు బిగించి, తీగలు టంగుమనేదాకా లాగి పెట్టా.

పొద్దున మీ అమ్మ దాన్ని చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది, అది రాయలేను. ఆదివారం మాస్టారు వచ్చేసరికి బ్రిడ్జి కింద పొట్ట లోపలికి కుంగి, సన్న తీగ వైపు నిలువునా ఒక చీలిక. మాస్టారు లోపలికి తొంగిచూసి "ఇందులో పుల్ల ఏదమ్మా?" అన్నారు. "మొదట్నుంచీ లేదు మాస్టారూ" అంది మీ అమ్మ, దానికేం తెలుసు. "పుల్ల లేకుండానే అమ్మేశాడు వెధవ" అన్నారు మాస్టారు. నేను పక్కనే ఉన్నాను సిరీ. నోరు తెరవలేదు.

మళ్ళీ ఆ షోరూంకి వెళ్ళి గొడవ కూడా పెట్టాను, తప్పు నాదని తెలియకుండా కాదు. అక్కడి మేనేజరు పాపం నిజాయితీగా "లోపల పుల్ల ఉంటుందని మాకూ తెలీదు సార్" అన్నాడు. కంపెనీకి పంపారు, రెండు నెలలయ్యాక కొత్త తీగలు వేసి అలాగే తిరిగొచ్చింది. చివరికి సిగ్గు చంపుకుని ఆ మైలాపూర్ పెద్దాయన దగ్గరికే వెళ్ళా. దీపం దగ్గర పెట్టి చూసి "ఉయిర్ ఎంగే సార్?" అన్నాడు. ప్రాణం ఎక్కడ సార్ అని. ఇటలీ వాళ్ళు కూడా దాన్ని ఆత్మ అనే అర్థమొచ్చే మాటతోనే పిలుస్తారని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. పైచెక్కకీ కింది చెక్కకీ మధ్య నిలబడి, బరువు మోస్తూ, నాదాన్ని అటు నుంచి ఇటు చేర్చేది ఆ పుల్లే. అది పడిపోవడం పెద్ద విషయం కాదట. వెంటనే తీగలన్నీ వదులు చేసి తీసుకొస్తే పది నిమిషాల పనట. ఇప్పుడు బాగుచెయ్యాలంటే కొన్న ధర కంటే ఎక్కువవుతుందన్నాడు, నా దగ్గర పైసా తీసుకోలేదు.

తర్వాత ఇంటర్, ఎంసెట్, పెళ్ళి. మీ అమ్మ నీకు "చదువు ఒత్తిడి వల్ల మానేశా" అని చెప్పి ఉంటుంది. నిజమే అయ్యుండొచ్చు. నాకు మాత్రం ఆ కిటికీ గుర్తొస్తుంది.

అలాగని చిన్న దుకాణం వాళ్ళందరూ దేవుళ్ళని అనుకోకు. ఎప్పుడో 2003లో మా ఆఫీసు స్నేహితుడి కోసం వెళ్తే ఒకాయన పాత ఫిడేలు చూపించి, ఎడం పక్క కన్నంలోంచి లోపల అతికించిన కాగితం చదవమన్నాడు. స్ట్రాడివేరియస్ అని ఉంది, ఫిడేళ్ళు చేసినవాళ్ళలో అందరికంటే పేరున్న ఇటలీ ఆయన పేరు! మూడు వందల ఏళ్ళ నాటిదట, మా మొహం చూసి ధర తగ్గించాడట. జర్మనీలో, చుట్టుపక్కల దేశాల్లో వేలకి వేలు చౌక ఫిడేళ్ళ లోపల ఆ పేరు అచ్చేసి అతికించారు, అది ఫిడేళ్ళ లోకంలో పాత జోకు. కాగితం చూసి మోసపోకు. పక్కా బిల్లు అడుగు, ఇవ్వనంటే అక్కణ్ణుంచి కూడా వచ్చెయ్. డిసెంబరు సీజన్లో అసలు పోకు, కచేరీలు వాయించేవాళ్ళ పనితోనే వాళ్ళకి ఊపిరాడదు.

ఇంకా కొత్తగా మెరిసేవే చూడాలనుంటే మౌంట్ రోడ్డులో మ్యూసీ మ్యూజికల్ ఉంది, 1842 నుంచి ఉన్న దుకాణం, చిన్నదీ కాదు, చెయినూ కాదు. ఒకసారి చూసి రావడానికైనా వెళ్ళు. నువ్వు మెడ్రాసులో ఫిడేలు నేర్చుకుంటున్నావంటే నాకు ఇంకోటి గుర్తొస్తుంది. కీర్తనలు రాసిన ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు, మన సంగీతంలోకి ఫిడేలు తెచ్చినవాళ్ళలో ఒకడైన బాలుస్వామి, ఆ ఫిడేలు నేర్చుకుంది ఇక్కడికి దగ్గర్లోనే, మణలిలో, ఒక దొర దగ్గర. ఇప్పుడు రిఫైనరీ ఉన్న మణలే. మన ఫిడేలు విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పుట్టింది బెంగళూరులో, పేరు తెచ్చుకుంది విజయనగరంలో, కన్నుమూసింది ఇక్కడ. ఇదంతా సలహా కాదులే, ముసలాణ్ణి కదా, నోరూరుకోదు.

ఒక్కటి మాత్రం ఒట్టు పెట్టు. ఓఎమ్‌ఆర్‌లో మీ ఆఫీసు పార్కింగులో కారులో ఫిడేలు వదిలెయ్యకు, ఐదు నిమిషాలైనా సరే. ఆ వేడికి జిగురు కరుగుతుంది. నువ్వు నవ్వుతావని తెలుసు. నవ్వు, కానీ వదిలెయ్యకు. లోపల ఎప్పుడైనా గలగలమంటే తీగలు వదులు చేసి నాకు ఫోన్ చెయ్, అర్ధరాత్రైనా పర్వాలేదు.

ఈఎంఐకి ఇంకా సంతకం పెట్టలేదు కదా? శనివారం పదింటికి మైలాపూర్లో లజ్ కార్నర్ దగ్గరికి రా. ఆ పెద్దాయన ఇప్పుడు లేడు, కొడుకు కూర్చుంటున్నాడు, నీకంటే కాస్త పెద్దవాడు, తెలుగు కూడా అర్థమవుతుంది. నాలుగైదు వాయించి చూపిస్తాడు, నువ్వు కళ్ళు మూసుకుని విను, ధర తర్వాత అడుగుదాం. ఆ కుంగిన ఫిడేలు మా బీరువా పైన ఇంకా ఉంది. దాన్ని కూడా తెస్తా. బాగవుతుందా అని ఊరికే అడిగి చూద్దాం. మీ అమ్మకి చెప్పకు, బాగైతే నేనే చెప్పుకుంటా.

మామయ్య